దివాన్ దేవిడి నుండి జాతి సంపదకు: మూడవ సాలార్ జంగ్ పింగాణీ సేకరణ

హైదరాబాద్: నిజాం సంస్థాన ప్రధానమంత్రిగా కొద్దికాలమే పనిచేసినప్పటికీ, కళాఖండాల సేకర్తగా చిరకీర్తిని ఆర్జించిన వారు నవాబ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్, మూడవ సాలార్ జంగ్. ఐరోపా నుండి ఆయన తెప్పించిన బంగారు పూత పింగాణీ భోజనపాత్రలు ఆ సేకరణలో విశిష్టమైనవి.

ఆయన 1889 జూన్ 13న పూనాలో జన్మించారు. నెల తిరగకముందే తండ్రి, రెండవ సాలార్ జంగ్, కన్నుమూశారు. తాత మొదటి సాలార్ జంగ్ మూడు దశాబ్దాలు దివానుగా పనిచేసిన ప్రసిద్ధుడు. ఆ వంశగౌరవంతోనే 1912లో, ఇరవై మూడేళ్ళ ప్రాయంలో, యూసుఫ్ అలీ ఖాన్ ఏడవ నిజాముకు ప్రధానమంత్రి అయ్యారు. 1914లో పదవిని వీడారు. ఆ తరువాతి ముప్పై అయిదేళ్ళు సేకరణకే అంకితమయ్యాయి. విదేశాలలో ఆయనకు ప్రతినిధులు ఉండేవారు. వర్తకులు సరుకుతో దివాన్ దేవిడికే వచ్చేవారు.

ఫ్రాన్సులోని సెవ్ర్, జర్మనీలోని డ్రెస్డెన్, ఇంగ్లండులోని వర్సెస్టర్, డెర్బీ, మింటన్, వెడ్జ్‌వుడ్ కర్మాగారాల వస్తువులు ఆ భవనానికి చేరాయి. వీటన్నింటినీ బోన్ చైనా అనడం వాడుకే గాని సరికాదు. ఎముకల భస్మం దాదాపు సగం పాలు కలిపి చేసే బోన్ చైనా పద్ధతిని 18వ శతాబ్దం చివర ఇంగ్లండులో స్పోడ్ కర్మాగారం స్థిరపరచింది. దాని పళ్ళెమును దీపం ముందు పట్టితే వెనుకనున్న వేళ్ళ నీడ కానవస్తుంది. సెవ్ర్, డ్రెస్డెన్ పింగాణీలలో ఆ భస్మం ఉండదు. బంగారం మాత్రం అన్నింటికీ మెరుగు పూత మీదనే వేసి, తక్కువ వేడిలో కాల్చి, రాతి పనిముట్టుతో నునుపు చేస్తారు. అందుచేతనే పళ్ళెములను ఒకదానిపై ఒకటి పేర్చితే అంచు బంగారం అరిగిపోతుంది. నడుమ గుడ్డ వేయవలసి ఉంటుంది. సెవ్ర్ ముద్ర అయిన రెండు పెనవేసిన ఎల్ అక్షరాలను 19వ శతాబ్దంలో అనుకరించినవారు అనేకులు. కనుక ముద్ర ఒక్కటే ప్రమాణం కాదు. సాలార్ జంగ్ సేకరణలోనూ మేలిమి వస్తువులతో పాటు సామాన్యమైనవి ఉన్నవని కళావిమర్శకులు గుర్తించారు. అంత విస్తారంగా కొన్న వ్యక్తికి అది తప్పనిది.

1949 మార్చి 2న ఆయన మరణించారు. అవివాహితులు కావడంతో నేరుగా వారసులు లేరు. ఆస్తిపై బంధువుల హక్కుల ప్రశ్న తలెత్తింది. పంపకం జరిగి ఉంటే తొలుత చెదిరేవి ఇటువంటి పాత్రల సెట్లే. ఒక కప్పు ఒకరికి, సాసరు మరొకరికి పోయిన సెట్టును తిరిగి కూర్చడం అసాధ్యం. ప్రభుత్వం ఎస్టేటు నిర్వహణకు కమిటీని నియమించింది. 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడిలోనే మ్యూజియంను ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించారు. 1958లో వారసులు రాజీ ఒప్పందం ద్వారా సేకరణను జాతికి అప్పగించారు. 1961లో పార్లమెంటు చట్టం దీనిని జాతీయ ప్రాధాన్యం గల సంస్థగా ప్రకటించి, గవర్నరు అధ్యక్షతన గల బోర్డు పాలనలో ఉంచింది. 1968లో మూసీ దక్షిణ తీరాన, దారుల్ షిఫాలో నిర్మించిన నూతన భవనంలోకి మ్యూజియం తరలింది. వేలాది వస్తువులతో పాటు ఆ పళ్ళెములూ, కప్పులూ గాజు అద్దాల వెనుకకు చేరాయి.