కొవ్వొత్తి చెప్పిన పాఠం

మైకేల్ ఫారడే 1791లో ఇంగ్లండులో ఒక పేద కమ్మరి ఇంట జన్మించాడు. పేదరికం వల్ల బడి చదువు అంతంతమాత్రమే సాగింది. పద్నాలుగో ఏట లండన్ నగరంలో పుస్తకాలకు బైండింగు చేసే పనిలో చేరాడు. చేతికి వచ్చిన పుస్తకాలను చదువుతూ విజ్ఞానశాస్త్రంపై మక్కువ పెంచుకున్నాడు.

1812లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు విన్నాడు. విన్నదంతా రాసి, తానే బైండు చేసి డేవీకి పంపాడు. మరుసటి ఏడు ఆయన వద్దనే సహాయకుడయ్యాడు. తీగచుట్టలో అయస్కాంతాన్ని కదిలిస్తే విద్యుత్తు పుడుతుందని 1831లో కనుగొన్నాడు. నేటి విద్యుత్ జనరేటర్లకు ఆ సూత్రమే ఆధారం.

ఉపన్యాసాలు విని శాస్త్రవేత్త అయిన ఫారడే, తనవలె వినగోరే పిల్లలను మరువలేదు. క్రిస్మస్ సెలవులలో వారికి ఉపన్యాసాలిచ్చేవాడు. 1860-61లో ఒక్క కొవ్వొత్తి గురించే ఆరు ఉపన్యాసాలిచ్చాడు. కరిగిన మైనం వత్తి వెంట పైకెక్కి, ఆవిరై మండుతుందని వివరించాడు. మంటపై చల్లని పాత్ర ఉంచి, దాని అడుగున చేరిన నీటిబొట్లను చూపాడు. కొవ్వొత్తి మండినప్పుడు వెలువడే వాయువు సున్నపుతేటను పాలవలె తెల్లగా మార్చింది. మనిషి ఊపిరీ అలాగే మార్చింది. మంటలోను, మనలోను జరిగేది ఒకే విధమైన మార్పని పిల్లలు గ్రహించారు.

ఫారడే 1867లో మరణించాడు. ప్రతి ఇంటా ఉండే వస్తువులోనూ శాస్త్రం దాగి ఉందని ఆయన జీవితం మనకు తెలియజేస్తుంది.