ఆల్ఫాన్స్ పెనో: బొమ్మ విమానానికి నిలకడ నేర్పినవాడు

శేషాచలపు అడవులలోని ఎర్రచందనపు చేవ నీటిలో వేస్తే మునుగుతుంది. ఆ బరువైన కొయ్యతో చెక్కిన బొమ్మలకు తిరుపతి ప్రసిద్ధి. దక్షిణ అమెరికాలో పుట్టిన బాల్సా కొయ్య దీనికి పూర్తిగా విరుద్ధం. దాని బరువు నీటి బరువులో సుమారు ఆరవ వంతు మాత్రమే. అందువల్లనే బొమ్మ విమానాలు కట్టేవారికి అది ప్రీతిపాత్రమైనది. అయితే తిరుపతిలోగాని చిత్తూరులోగాని ఒక విద్యార్థి ఆ పలుచని చెక్కలతో విమానం కట్టి వదిలితే, అది ముక్కు వంచి నేలను గుద్దుకోవచ్చు. విరిగిన రెక్కను జిగురుతో అతికించి మళ్ళీ వదిలినా అదే గతి పట్టవచ్చు. విరిగిన చోటు వేరు, విరగడానికి కారణం వేరు. బాల్సా వాడుకలోకి రాకముందే, ఆ కారణాన్ని వెదకి పట్టుకొన్నవాడు ఫ్రెంచి యువకుడు ఆల్ఫాన్స్ పెనో.

పెనో 1850లో పారిస్ నగరంలో జన్మించినాడు. తండ్రి నౌకాదళంలో అడ్మిరల్. కుమారుడు కూడ సముద్రం మీదికి పోవలసినవాడే. కాని తుంటి ఎముక వ్యాధి అతనిని చంకకర్రల పాలు చేసింది. ఓడ ఎక్కలేని ఆ యువకుని చూపు ఆకాశం వైపు మళ్ళింది.

అంతకుముందు ఎగిరే బొమ్మలను విల్లుబద్ద వంటి సాధనాలతో త్రిప్పేవారు. పెనో రబ్బరు పోగులను మెలిపెట్టి, ఆ మెలిక విప్పుకొనే బలంతో మరను త్రిప్పినాడు. 1870లో ఈ ఉపాయంతో అతడు చేసిన బొమ్మ నిట్టనిలువుగా పైకి లేచింది. మరుసటి సంవత్సరం అసలు సమస్యకు పూనుకొన్నాడు. గాలి కుదుపులకు బొమ్మ తనంత తానే సర్దుకోవాలి. అందుకు రెక్కల కొసలను పైకి వంచినాడు. వెనుక చిన్న తోక అమర్చి, దానిని రెక్కలకంటె తక్కువ కోణంలో నిలిపినాడు. ముక్కు క్రిందికి వంగితే వేగం పెరుగుతుంది. అప్పుడు గాలి తోకను క్రిందికి నొక్కుతుంది, ముక్కు పైకి లేస్తుంది. ముక్కు మరీ పైకి లేస్తే తోకే దానిని దించుతుంది. ఇంగ్లండులో జార్జి కేలీ 1804లోనే నమూనా విమానానికి తోక పెట్టినాడు. తన శక్తితోనే ఎగిరే విమానాన్ని నిలకడగా నడిపించిన ఘనత పెనోది.

1871 ఆగస్టు 18న, అంతర్యుద్ధంలో తగులబడిన ట్యూలరీ రాజభవనం ప్రక్కనున్న తోటలో, 16 గ్రాముల ఆ బొమ్మ 11 సెకండ్లలో సుమారు 40 మీటర్లు ఎగిరింది.

1876లో, పాల్ గోషో అనే యంత్రకారునితో కలిసి, ఇద్దరు మనుషులు కూర్చునే విమానానికి పెనో పేటెంటు పొందినాడు. లోపలికి ముడుచుకొనే చక్రాలు, అద్దపు కప్పు, ఒకే పిడితో నడిచే చుక్కానులు అందులో ఉన్నవి. కాని తేలికైన యంత్రం ఆనాటికి పుట్టలేదు. ధనసహాయం దొరకలేదు. విమర్శలు మాత్రం దొరికినవి. నిరాశకు లోనై, తన పటాలను చిన్న శవపేటికలో ఉంచి, ఆదుకొంటాడని ఆశించిన హెన్రీ జిఫార్ ఇంటికి పంపినాడు. 1880 అక్టోబరులో, ముప్పదియేండ్లకే, బలవన్మరణం చెందినాడు.

తన విత్తనం అప్పటికే మొలకెత్తిందని ఆ దుర్భాగ్యునికి తెలియదు. 1878లో అమెరికాలో ఒక మతాచార్యుడు తన కొడుకులకు పెనో బొమ్మ వంటి ఎగిరే బొమ్మ తెచ్చి ఇచ్చినాడు. వారే విల్బర్, ఆర్విల్ రైట్ సోదరులు. అది విరిగిపోగా పిల్లలు స్వయంగా మరికొన్ని చేసుకొన్నారు. పెద్దవి చేసినకొద్దీ అవి సరిగా ఎగరలేదు. కొలతలు రెట్టింపయితే రెక్కల వైశాల్యం నాలుగింతలే అవుతుంది, బరువు ఎనిమిదింతలవుతుంది. ఈ సత్యం వారికి తరువాత బోధపడింది. 1903 డిసెంబరు 17న వారి విమానం మనిషిని మోసుకొని మొదటిసారి ఎగిరినది 12 సెకండ్లు, 36 మీటర్లకు కొంచెం ఎక్కువ. పెనో బొమ్మ పోయిన దూరం అంతకంటె కొంచెం హెచ్చు!

ఈనాడు ప్రయాణికులను మోసే విమానాలలో అధికభాగం వెనుక తోకతోనే సాగుతున్నవి. బాల్సా రెక్కను అతికించే విద్యార్థి జిగురు ఆరేలోపల తోక కోణాన్ని ఒకసారి చూచుకొంటే, పెనో పడిన శ్రమ అతనికి అక్కరకు వచ్చినట్లే.