మా-రాబర్ట్: సొంత ఇల్లు నిలవని ఇల్లాలు మేరీ లివింగ్‌స్టన్

ఆఫ్రికా ఖండాన్ని పడమటి తీరం నుంచి తూర్పు తీరం వరకు దాటిన యాత్రికుడిగా, బానిస వ్యాపారంపై ప్రపంచం దృష్టిని మళ్లించిన మిషనరీగా డేవిడ్ లివింగ్‌స్టన్ పేరు భారతీయ పాఠకులకు సుపరిచితమే. ఆ మహాయాత్రలకు ముందు ఆయనకు ఒక ఇల్లు ఉండేది. అందులో భార్య, ముగ్గురు చిన్నపిల్లలు, ఒక బడి ఉండేవి. ఆ ఇంటిని నడిపిన మేరీ లివింగ్‌స్టన్ 41 ఏళ్లు జీవించారు. వివాహానంతరం గడిచిన 17 ఏళ్లలో తనదని చెప్పుకోదగిన ఇంట్లో ఆమె ఉన్నది ఏడేళ్లకు మించదు.

కురుమన్ బాల్యం

మేరీ 1821 ఏప్రిల్ 12న నేటి దక్షిణాఫ్రికాలోని గ్రిక్వాటౌన్‌లో జన్మించారు. తండ్రి రాబర్ట్ మొఫాట్, తల్లి మేరీ స్మిత్ మొఫాట్ ఇద్దరూ లండన్ మిషనరీ సొసైటీ తరఫున పనిచేసేవారు. వారి సంతానంలో మేరీ పెద్ద కుమార్తె. కలహారి ఎడారి అంచున, ఎన్నడూ ఎండని నీటి ఊట ఉన్న కురుమన్‌లో ఆ కుటుంబం స్థిరపడింది. ఊట నుంచి కాలువ తవ్వి, తోటలు పెంచి, రాతి ఇళ్లు కట్టారు. తండ్రి అక్కడే బైబిల్‌ను సెట్స్వానా భాషలోకి అనువదించే దీర్ఘకాలిక కార్యాన్ని చేపట్టారు. 1840లో కొత్త నిబంధన, 1857 నాటికి సంపూర్ణ గ్రంథం వెలువడ్డాయి.

తండ్రి శ్రమించి అభ్యసించిన సెట్స్వానా మేరీకి ఆటపాటలతోనే అబ్బింది. ఇరుగుపొరుగు పిల్లలతో పెరిగిన ఆమెకు ఆ నేల, ఆ ఎండ, ఆ ఆహారం కొత్తవి కావు. 1839లో తల్లిదండ్రులతో కలిసి తొలిసారి బ్రిటన్ చేరుకున్నప్పుడు ఆమె వయసు 18. ఆమె పరాయిదనాన్ని ఎరిగినది ఆఫ్రికాలో కాదు, తల్లిదండ్రుల స్వదేశంలో. ఉపాధ్యాయ శిక్షణ కూడా పొందిన ఆమె 1843లో కురుమన్‌కు తిరిగి వచ్చి బడి పనిలో నిమగ్నమయ్యారు.

మరుసటి ఏడాది మబోట్సా అనే చోట సింహం దాడిలో ఎడమ భుజం ఎముక విరిగిన ఒక యువ స్కాట్లాండ్ వైద్యుడు కోలుకోవడానికి కురుమన్ వచ్చారు. ఆయనే డేవిడ్ లివింగ్‌స్టన్. మొఫాట్ కుటుంబపు తోటలోని బాదం చెట్టు కింద ఆయన మేరీ వద్ద పెళ్లి ప్రస్తావన తెచ్చారు. 1845 జనవరిలో కురుమన్‌లోనే వివాహం జరిగింది.

మూడు ఇళ్లు

నూతన దంపతులు మబోట్సాలో కాపురం పెట్టారు. సహచర మిషనరీతో లివింగ్‌స్టన్‌కు పొసగకపోవడంతో 1846లో ఆ ఇల్లు విడిచి, బక్వేనా తెగ నాయకుడు సెచేలె నివసించే చోన్వానేకు మారారు. అక్కడ నీరు చాలలేదు. 1847లో సెచేలె ప్రజలతో పాటు కొలోబెంగ్ నది ఒడ్డుకు తరలివెళ్లారు. నేటి బోట్స్వానా రాజధాని గాబరోన్‌కు పశ్చిమాన ఆ ఇంటి శిథిలాలు ఇప్పటికీ ఉన్నాయి. అది వారు కట్టుకున్న మూడో ఇల్లు, చివరి ఇల్లు కూడా.

ఈ మార్పుల నడుమనే పిల్లలు పుట్టారు. 1846 జనవరిలో రాబర్ట్, 1847లో ఆగ్నెస్, 1849 మార్చిలో థామస్ జన్మించారు. తెలుగు పల్లెల్లో తల్లిని పెద్దబిడ్డ పేరుతో ఫలానావాళ్ల అమ్మ అని పిలిచినట్టే, త్స్వానా సమాజంలోనూ తల్లికి తొలి సంతానం పేరే గౌరవనామం. అలా మేరీ ఇరుగుపొరుగుకు మా-రాబర్ట్ అయ్యారు.

కొలోబెంగ్‌లో దుకాణం లేదు. ఇంటికి కావలసిన ప్రతి వస్తువునూ ఇంట్లోనే తయారు చేసుకోవాలి. చెదపుట్టకు పెద్ద రంధ్రం తొలిచి, లోపల మంట వేసి, వేడెక్కాక నిప్పులు ఊడ్చి, పిండిముద్ద పెట్టి రాతిపలకతో మూస్తే అదే రొట్టె కాల్చే పొయ్యి. వెన్న తీయడానికి జాడీయే సాధనం. కొవ్వును కరిగించి అచ్చుల్లో పోస్తే కొవ్వొత్తులు వచ్చేవి. సబ్బు కోసం మొక్కలను కాల్చిన బూడిద నీటిని కొవ్వుతో కలిపి మరిగించేవారు. మామూలు కట్టె బూడిదైతే ఆ మరిగింపు నెల, నెలన్నర సాగేది. భర్త వడ్రంగం, కమ్మరం, తోటపని, వైద్యం చూసుకుంటే, ఇంటి లోపలి పని మొత్తం మేరీ చేతుల మీదుగా నడిచేది.

ఆమె దినచర్య అంతటితో ముగిసేది కాదు. మధ్యాహ్న భోజనం తర్వాత గంట విశ్రాంతి తీసుకుని పసిపిల్లల బడి నడిపేవారు. ఆ బడికి వంద మంది వరకు హాజరయ్యేవారు. మరికొన్ని రోజులు బాలికలకు కుట్టుపని నేర్పేవారు. తల్లి భాష స్థాయిలో సెట్స్వానా మాట్లాడగల ఉపాధ్యాయురాలు కావడం ఆ బడికి బలం. సొసైటీ దస్త్రాల్లో మిషనరీ భర్త ఒక్కరే. భార్య చేసిన బోధనకు వేరే జీతం లేదు, వేరే హోదా లేదు.

కొలోబెంగ్ ఏర్పడిన రెండో ఏడాది నుంచే వానలు ముఖం చాటేశాయి. నది ఎండిపోయింది. ధాన్యం కోసం అక్కడి స్త్రీలు తమ ఆభరణాలను ఇరుగు తెగలకు అమ్ముకున్నారు. మాంసం దొరకని రోజుల్లో లివింగ్‌స్టన్ పిల్లలను చూసి జాలిపడిన పేదలు వారికి పెద్ద గొంగళిపురుగులు తెచ్చి ఇచ్చేవారు. మత్లమెత్లో అనే భారీ కప్పలన్నా ఆ పిల్లలకు ఎంతో ఇష్టం. తినడానికి తమకే లేని కాలంలో పొరుగువారు మిషనరీ పిల్లల ఆకలిని పంచుకున్నారు.

ఎడ్లబండిలో పిల్లలు

1849లో లివింగ్‌స్టన్ కలహారి దాటి ఎన్‌గామి సరస్సును చేరుకున్నారు. ఉత్తరాన ఉన్న మకొలొలో నాయకుడు సెబిట్వానేను కలవాలని ఆయన సంకల్పం. 1850 ఏప్రిల్‌లో రెండోసారి బయలుదేరినప్పుడు గర్భవతి అయిన భార్యను, ముగ్గురు పిల్లలను వెంట తీసుకువెళ్లారు. సరస్సు కనిపించగానే పిల్లలు బాతుపిల్లల్లా నీళ్లలో దిగి ఆడుకున్నారు. ఆ సంతోషం ఎంతోకాలం నిలవలేదు. ఆగ్నెస్, థామస్ జ్వరాన పడ్డారు. సెబిట్వానేను కలవకుండానే కుటుంబం వెనుదిరగవలసి వచ్చింది.

కొలోబెంగ్ చేరాక ఆగస్టులో మేరీకి ఆడబిడ్డ పుట్టింది. ఎలిజబెత్ అని పేరు పెట్టారు. ఊళ్లో వ్యాపించిన ఊపిరితిత్తుల వ్యాధి సోకి ఆ శిశువు ఆరు వారాలకే కన్నుమూసింది. ప్రసవానంతరం మేరీ ముఖంలో ఒక పక్క చచ్చుబడింది. కోలుకోవడానికి ఆమె కురుమన్‌లోని పుట్టింటికి చేరారు.

1851లో లివింగ్‌స్టన్ మళ్లీ ఉత్తరానికి సిద్ధమయ్యారు. మేరీ మళ్లీ గర్భవతి. ఈ సంగతి తెలిసిన మేరీ తల్లి అల్లుడికి ఘాటైన లేఖ రాశారు. ఒక బిడ్డను పోగొట్టుకుని ఏడాది తిరగకముందే, నిండు గర్భిణిని, పసివాళ్లను అడవుల పాలు చేయడం ఏమి ధర్మమని ఆమె నిలదీశారు. ఆమె స్వయంగా ముప్పై ఏళ్లుగా మిషనరీ జీవితం గడుపుతున్నవారు. కష్టానికి వెరచి రాసిన లేఖ కాదది. ఏది అవసరమైన కష్టమో, ఏది కాదో ఎరిగిన తల్లి రాసిన లేఖ. ప్రయాణం మాత్రం ఆగలేదు.

దారిలో మార్గదర్శి తోవ తప్పాడు. బండిలోని నీటిని ఒక పనివాడు వృథా చేయడంతో పిల్లలకు సరిపడా కొద్దిపాటి నీరే మిగిలింది. రాత్రి గడిచి తెల్లవారేసరికి పిల్లల దాహం మరింత పెరిగింది. ఐదో రోజు మధ్యాహ్నం నీరు వెతకబోయినవారు తిరిగిరావడంతో ప్రాణాలు నిలిచాయి. ఆ వేళ భార్య తనను ఒక్క మాట కూడా అనలేదని, ఆమె కన్నీటిలోనే వేదన కనిపించిందని లివింగ్‌స్టన్ తరువాత తన గ్రంథంలో అంగీకరించారు.

ఈసారి వారు సెబిట్వానేను కలుసుకున్నారు. కొద్ది వారాలకే ఆ నాయకుడు మరణించారు. ఆగస్టులో లివింగ్‌స్టన్, ఆయన మిత్రుడు విలియం కాటన్ ఆస్వెల్ జాంబెజీ నదిని చూశారు. తిరుగు ప్రయాణంలో, సెప్టెంబరు 15న, జౌగా నది ఒడ్డున మేరీ మగబిడ్డను ప్రసవించారు. లోగడ మద్రాసు ప్రెసిడెన్సీలో ఈస్టిండియా కంపెనీ కొలువు చేసిన ఆస్వెల్ పేరునే ఆ బిడ్డకు పెట్టారు.

దూరమైన గూడు

దోమలు, జ్వరాలు, దప్పిక చూశాక ఖండాంతర యాత్రకు కుటుంబాన్ని వెంట తీసుకువెళ్లడం అసాధ్యమని లివింగ్‌స్టన్ నిర్ణయించుకున్నారు. 1852లో అందరూ కేప్‌టౌన్ చేరేసరికి పిల్లల ఒంటిమీద సరైన బట్టలు కూడా లేవు. ఆస్వెల్ డబ్బు సర్దితే కొత్త దుస్తులు కుట్టించారు. ఏప్రిల్ 23న మేరీ నలుగురు పిల్లలతో బ్రిటన్ ఓడ ఎక్కారు. పెద్దవాడికి ఆరేళ్లు, చిన్నవాడికి ఏడు నెలలు. అదే ఏడాది ఆగస్టులో బోయర్లు సెచేలె ప్రజలపై దాడి చేసినప్పుడు కొలోబెంగ్ ఇల్లు కూడా దోపిడీకి గురైంది. పుస్తకాలు చిరిగాయి, మందుసీసాలు పగిలాయి. తిరిగి వెళ్లడానికి ఇక ఆ ఇల్లు లేదు.

సొసైటీ దృష్టిలో మేరీ స్వదేశానికి వెళ్లారు. వాస్తవానికి ఆమె తన స్వదేశాన్ని వదిలి వెళ్లారు. హామిల్టన్‌లోని అత్తమామల ఇంట్లో కొంతకాలం ఉన్నా, వారితో పొసగలేదు. ఆ తర్వాత పిల్లలతో ఊరి నుంచి ఊరికి, అద్దె గది నుంచి పరిచయస్థుల ఇంటికి మారుతూ వచ్చారు. ఖర్చులకు సొసైటీ ఇచ్చే సొమ్మే ఆధారం. అది చాలనప్పుడు మళ్లీ అర్థించవలసిందే. రెండేళ్లలో వస్తానన్న భర్త రావడానికి నాలుగేళ్లు దాటింది. ఈ కాలంలోనే ఆమె విశ్వాసం సడలిందని, మద్యం అలవాటైందని సమకాలికులు కొందరు రాసుకున్నారు. ఒంటరితనం, పేదరికం, అనారోగ్యం కలిసి ఒక మనిషిని ఎంత కుంగదీస్తాయో ఆ నాలుగేళ్లు చెబుతాయి.

1856 డిసెంబరులో లివింగ్‌స్టన్ జాతీయ వీరుడిగా ఇంగ్లండ్ చేరారు. 1858 మార్చిలో జాంబెజీ యాత్రకు బయలుదేరినప్పుడు మేరీ, చిన్నకుమారుడు ఆస్వెల్ ఆయన వెంట ఓడ ఎక్కారు. దారిలో ఆమె మళ్లీ గర్భవతి అని తేలింది. కేప్‌టౌన్‌లో దిగిపోయి కురుమన్ చేరారు. నవంబరులో అక్కడే ఆనా మేరీ పుట్టింది. జాంబెజీలో నడిపిన ఆవిరి పడవకు లివింగ్‌స్టన్ మా-రాబర్ట్ అని పేరు పెట్టారు. భార్య లేని చోట ఆమె పేరు మాత్రం తిరిగింది. ఉక్కురేకులు చిల్లులు పడి, 1860 డిసెంబరులో ఆ పడవ కూడా మునిగిపోయింది.

షుపాంగా

పిల్లలతో స్కాట్లాండ్ తిరిగి వెళ్లిన మేరీ అక్కడ ఇమడలేకపోయారు. 1861లో పిల్లలను బంధువుల సంరక్షణలో వదిలి భర్త వద్దకు బయలుదేరారు. 1862 ఆరంభంలో జాంబెజీ ముఖద్వారం వద్ద దంపతులు కలుసుకున్నారు. కొత్త పడవ విడిభాగాలను చేరవేసి బిగించే పని ఆలస్యమై, జ్వరాల కాలంలో నదీ దిగువ ప్రాంతంలోనే నిలిచిపోవలసి వచ్చింది. ఏప్రిల్ 27న నేటి మొజాంబిక్‌లోని షుపాంగాలో మేరీ జ్వరంతో మరణించారు. మరునాడు బావోబాబ్ చెట్టు కింద ఆమెను ఖననం చేశారు. కలిసి బతుకుదామని వచ్చిన మేరీకి దక్కినది మూడు నెలలే.

రెండేళ్ల తర్వాత లివింగ్‌స్టన్ అదే కొత్త పడవను నడుపుకుంటూ హిందూ మహాసముద్రం దాటి బొంబాయి చేరి, అక్కడి నుంచి ఇంగ్లండ్ వెళ్లారు. ఐదేళ్ల ఆనా మేరీ తండ్రిని మొదటిసారి చూసింది అప్పుడే. పెద్దకుమారుడు రాబర్ట్ తండ్రిని చేరుకోవాలని ఆఫ్రికా వెళ్లి, కుదరక అమెరికా దారి పట్టాడు. అక్కడి అంతర్యుద్ధంలో మారుపేరుతో ఉత్తరాది సైన్యంలో చేరి, పట్టుబడి, 1864 డిసెంబరులో నార్త్ కరోలినాలోని ఖైదీల శిబిరంలో మరణించాడు. తల్లికి గౌరవనామం ఇచ్చిన ఆ బిడ్డ వయసు అప్పటికి 18.

లివింగ్‌స్టన్ 1873లో నేటి జాంబియాలో కన్నుమూశారు. మరుసటి ఏడాది ఆయన భౌతికకాయాన్ని లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో సమాధి చేశారు. ఆ కుటుంబం తిరిగి ఒకచోటికి చేరలేదు. తండ్రి లండన్‌లో, పెద్దకుమారుడు అమెరికాలో, ఆరు వారాల ఎలిజబెత్ కొలోబెంగ్‌లో, తల్లి జాంబెజీ ఒడ్డున విశ్రమిస్తున్నారు. ఆ తల్లీ, ఆ పసిబిడ్డా తాము పుట్టిన ఖండపు మట్టిలోనే కలిశారు.