శ్రీపతి చంద్రశేఖర్

శ్రీపతి చంద్రశేఖర్ (నవంబరు 22, 1918 - జూన్ 14, 2001) ప్రముఖ జనాభా శాస్త్రవేత్త, రచయిత, కేంద్ర మంత్రి. ఈయన రాజమండ్రిలో జన్మించాడు. చదువుకున్నవారు సైతం సంతాన నియంత్రణ మాట ఎత్తడానికి సంకోచించే రోజులలో దానిని ప్రభుత్వ విధానంగా ముందుకు నడిపిన వారిలో ఇతడు ముఖ్యుడు.

విద్య, పరిశోధన

మద్రాసులో చదువు ముగించుకొని అమెరికా వెళ్ళి, 1944లో న్యూయార్క్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందాడు. 1947లో అమెరికా దేశీయురాలైన ఆన్ డౌన్స్‌ను వివాహమాడాడు. స్వదేశానికి వచ్చి అధ్యాపకుడిగా పనిచేస్తూ, 1950లో మద్రాసులో జనాభా అధ్యయన సంస్థను నెలకొల్పాడు.

నాటి పరిస్థితులు

గర్భనిరోధానికి పాశ్చాత్య దేశాలలో ప్రధానంగా క్రైస్తవ మతపీఠం అడ్డు చెప్పింది. 1960లో అమెరికాలో గర్భనిరోధక మాత్రకు అనుమతి లభించగా, 1968లో పోప్ ఆరవ పాల్ కృత్రిమ పద్ధతులన్నిటినీ నిషేధిస్తూ లేఖ వెలువరించాడు. భారతదేశంలో అభ్యంతరం వేరొక వైపు నుండి వచ్చింది. 1935లో వార్ధాలో తనను కలిసిన మార్గరెట్ సాంగర్ వాదనను గాంధీజీ అంగీకరించలేదు. బ్రహ్మచర్యమే మార్గమని ఆయన నమ్మకం. తొలి ఆరోగ్య మంత్రి రాజకుమారి అమృత్ కౌర్ కూడా గాంధేయవాదియే. అందువలన 1952లో కుటుంబ నియంత్రణ కార్యక్రమం ఆరంభమైనా, తొలి సంవత్సరాలలో సురక్షిత దినాల పద్ధతికే ప్రాధాన్యం లభించింది.

మంత్రిగా

1964లో రాజ్యసభ సభ్యుడైన చంద్రశేఖర్ 1967లో ఆరోగ్య, కుటుంబ నియంత్రణ శాఖ మంత్రి అయ్యాడు. పురుషుల శస్త్రచికిత్స (వాసెక్టమీ)పై ఈయనకు గట్టి నమ్మకం. ఆపరేషను చేయించుకున్నవారికి ట్రాన్సిస్టర్ రేడియోలు ఇవ్వాలని సూచించాడు. ముగ్గురు పిల్లలున్న తండ్రులకు శస్త్రచికిత్స తప్పనిసరి చేయాలన్న ఈయన ప్రతిపాదన తీవ్ర విమర్శలకు గురై చట్టం కాలేదు. ఈ నిర్బంధ ధోరణి ఈయన ఆలోచనలోని పెద్ద లోపమని చెప్పక తప్పదు. 1968లో నిరోధ్ మూడింటిని 15 పైసలకే అమ్మే పథకం మొదలైంది. ఎర్ర త్రికోణం గుర్తు పల్లెగోడలకు చేరింది. గర్భస్రావాన్ని షరతులతో చట్టబద్ధం చేసే బిల్లు 1969లో రాజ్యసభకు వచ్చి, 1971లో చట్టమైంది.

మాత్రకు దక్కని చోటు

ఇంత ప్రచారంలోను మాత్రకు మాత్రం చోటు అంతంత మాత్రమే. రోజూ మరువక వేసుకోవాలి, వైద్య పర్యవేక్షణ ఉండాలి, ఖర్చు ఎక్కువ. గ్రామాలకు లూప్, ఆపరేషను చాలునని ప్రభుత్వం భావించింది. మాలా-డి వంటి మాత్రలు విరివిగా అందుబాటులోకి వచ్చింది 1987 తరువాతనే. అప్పటికే అత్యవసర పరిస్థితి (1975-77) నాటి బలవంతపు ఆపరేషన్ల వలన పురుషులు వెనుకంజ వేయగా, భారం స్త్రీలపై పడింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో వివాహితలలో దాదాపు 70 శాతం మంది ట్యూబెక్టమీ చేయించుకున్నవారే. మాత్రలు వాడేవారు ఒక శాతం కూడా లేరు. నరసరావుపేట, మాచర్ల, గురజాల పల్లెలలో కుటుంబ నియంత్రణ అంటే నేటికీ కు.ని. ఆపరేషనే. కాన్పుకు కాన్పుకు ఎడం పాటించే అవకాశం లేక, పాతికేళ్ళు నిండకముందే ఆపరేషను చేయించుకునే స్త్రీలు అనేకులు.

రచనలు, చివరి రోజులు

జనాభా, శిశు మరణాలు, గర్భస్రావం అంశాలపై ఆంగ్లంలో అనేక గ్రంథాలు వ్రాశాడు. గర్భనిరోధంపై పుస్తకం ప్రచురించినందుకు 1877లో లండనులో అనీ బిసెంట్ ఎదుర్కొన్న విచారణ గురించి 1981లో ఒక గ్రంథం వెలువరించాడు. ఆమె దివ్యజ్ఞాన సమాజంలో చేరాక ఆ అభిప్రాయాన్ని విడనాడడం గమనార్హం. చంద్రశేఖర్ అమెరికాలోని శాన్ డియేగోలో మరణించాడు. ఈయన పత్రాలు టోలెడో విశ్వవిద్యాలయంలో భద్రపరచబడినవి.