చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారి ఆచార్యకత్వం

ఇరవయ్యో శతాబ్ది ఆరంభంలో ఆంగ్ల పాఠశాలల్లో తెలుగు ఉపేక్షిత విషయం. ఉద్యోగానికి దారి ఇంగ్లీషే కనుక తెలుగు పండితునికి జీతమూ తక్కువే, మన్ననా తక్కువే. అటువంటి కాలంలో బందరు హిందూ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులుగా పనిచేసిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు (1870–1950) విద్యార్థుల దృష్టిలో ఆ విషయానికి కలిగించిన గౌరవం పరిశీలింపదగినది.

కడియంలో జన్మించిన వీరు చర్ల బ్రహ్మయ్యశాస్త్రిగారి సన్నిధిలో వ్యాకరణం అభ్యసించారు. సహాధ్యాయి దివాకర్ల తిరుపతిశాస్త్రిగారితో కలిసి తిరుపతి వేంకటకవులుగా శతావధానాలు చేసి, సంస్థానాలలో సత్కారాలు పొందారు. సంస్కృతాంధ్రాలలో తమను మించిన కవులు లేరని సవాలుగా ఈ జంట మీసాలు పెంచిన ఉదంతం లోకవిదితం. ఏ విషయాన్ని లోకం చిన్నచూపు చూసిందో, ఆ విషయమే వృత్తిగా గల మనిషి అంత ధీమాతో తరగతిలోకి అడుగుపెట్టడమే విద్యార్థులకు మొదటి పాఠం అయి ఉంటుంది. వారు బోధించే కవిత్వం గ్రంథస్థమైన పూర్వుల సొత్తు మాత్రమే కాదు. పాఠం చెప్పే నోటనే ఆశువుగా పుట్టేది. పాండవోద్యోగ విజయాల పద్యాలు నాటకశాలల ద్వారా అక్షరజ్ఞానం లేనివారి నోట కూడా పలికాయి.

శిష్యుల జీవితాలే ఇందుకు ప్రమాణం. విశ్వనాథ సత్యనారాయణగారు కావ్యానికీ నవలకూ అంకితులై 1970 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారం పొందారు. నన్నయ తిక్కనలకు సైతం తనవంటి శిష్యుడు లేడన్న వారి మాటను కొందరు అహంకారమన్నారు. అది గురుస్తుతి అనే ఈ వ్యాసకర్త అభిప్రాయం. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు తాళపత్రాల, శాసనాల పరిశోధనకు మరలారు. పింగళి లక్ష్మీకాంతంగారు ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఆచార్యులైనారు. కాటూరి వేంకటేశ్వరరావుగారు కృష్ణాపత్రికను నడిపారు. గురువుల వలెనే వీరిద్దరూ జంటగా సౌందరనందం రచించారు. ఒకే గురువు వద్ద చదివినవారి మార్గాలు ఇంత భిన్నంగా ఉండడం గమనార్హం. వారికి అబ్బినది గురువుగారి అవధాన విద్య కాదు, భాషపై మమకారం.

వివాదప్రీతి వీరి బోధనకు అంటిన దోషం. కొప్పరపు కవులతో సాగిన స్పర్ధ సభలను, పత్రికలను, శిష్యులను సైతం రెండు పక్షాలు చేసింది. అయితే మొండిపట్టు వీరి స్వభావం కాదు. వ్యాకరణం చదివిన ఈ పండితుడే తన కథలు గాథలను వాడుకభాషలో వ్రాశారు.

1920లో తిరుపతిశాస్త్రిగారు గతించిన తరువాత కూడా వీరు జంట పేరుతోనే రచనలు కొనసాగించారు. 1949లో మద్రాసు ప్రభుత్వం వీరిని ఆస్థానకవిగా నియమించింది. 1950లో గురువు, అదే ఏడాది శిష్యుడు వేటూరివారు దివంగతులైనారు.