సప్తక్రీడా కోవిదుడు హాదీ

ఒక క్రీడలో రాణించడమే కష్టసాధ్యం. ఏడు క్రీడలలో ఆరితేరి, ఆ విద్యను పదిమందికీ అందించే బాధ్యతను స్వీకరించినవారు అరుదు. అట్టివారిలో సయ్యద్ మహమ్మద్ హాదీ అగ్రగణ్యులు.

హాదీ 1899 ఆగస్టు 12న హైదరాబాదులో జన్మించారు. తండ్రి సైన్యంలో కెప్టెన్. రెండేళ్ల ప్రాయంలోనే హాదీకి పితృవియోగం కలిగింది. దిక్కుతోచని ఆ బాలుణ్ణి పైగా వంశీయుడైన నవాబ్ మొయినుద్దౌలా కుటుంబం చేరదీసింది. ఆ ఆదరణే ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది.

ఆనాడు గద్వాల, వనపర్తి సంస్థానాలూ, నాగర్‌కర్నూలు ప్రాంతమూ హైదరాబాదు రాజ్యంలో అంతర్భాగాలు. పోలోలో జట్టుకు నలుగురు ఆటగాళ్లు గుర్రాలపై స్వారీ చేస్తూ పొడవైన కర్రలతో బంతిని కొడతారు. ఆట మధ్యలో అలసిన గుర్రాలను మార్చాలి కనుక ఒక్కొక్కరికి అనేక గుర్రాలు అవసరం. సామాన్యునికి అందని ఈ క్రీడలోనూ హాదీ ప్రావీణ్యం సాధించారు. పోలోతోపాటు క్రికెట్, హాకీ, ఫుట్‌బాల్, టెన్నిస్, టేబుల్ టెన్నిస్, చదరంగాలలోనూ ప్రతిభ చూపి, ఇంద్రధనుస్సులోని ఏడు రంగులను తలపిస్తూ రెయిన్‌బో హాదీగా ప్రసిద్ధికెక్కారు.

ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో ఉన్నతవిద్య అభ్యసించారు. 1924లో పారిస్ ఒలింపిక్ క్రీడలలో భారతదేశం పక్షాన టెన్నిస్ ఆడారు. డేవిస్ కప్ పోటీలలోనూ పాల్గొన్నారు. 1934లో ఆరంభమైన రంజీ ట్రోఫీలో మద్రాసు జట్టుపై అజేయంగా 132 పరుగులు చేసి, ఆ పోటీల చరిత్రలోనే తొలి శతకం సాధించిన ఘనత దక్కించుకున్నారు. 1936లో ఇంగ్లండులో పర్యటించిన భారత క్రికెట్ జట్టులో ఆయన సభ్యులు. అయితే టెస్టు మ్యాచ్ ఆడే అవకాశం మాత్రం లభించలేదు.

అంతటితో హాదీ క్రీడాసేవ ముగియలేదు. హైదరాబాదు రాజ్యంలో శారీరక విద్యాశాఖ సంచాలకులుగా పనిచేశారు. పాఠశాల విద్యార్థికి పుస్తకం ఎంత అవసరమో ఆటస్థలమూ అంతే అవసరమనే భావన వ్యాప్తికి ఇటువంటి పదవులు తోడ్పడ్డాయి. స్వాతంత్ర్యానంతరం ఢిల్లీలో కేంద్ర విద్యామంత్రిత్వశాఖలో క్రీడావ్యవహారాలు నిర్వహించారు. 1971 జులై 14న హైదరాబాదులో కన్నుమూశారు.

ప్రతిభ ఎక్కడైనా జన్మించవచ్చు. దానికి ఆశ్రయం దొరకకపోతే మొలకలోనే వాడిపోతుంది. తండ్రి లేని బిడ్డకు ఒక కుటుంబం కల్పించిన అవకాశం దేశానికి ఒక మేటి క్రీడాకారుణ్ణి ప్రసాదించింది. అటువంటి అవకాశం ఒక్క ఇంటి దయపై ఆధారపడకుండా, ప్రతి పల్లె బడిలోని పిల్లలందరికీ హక్కుగా అందాలి. హాదీ జీవితం మనకు అందించే సందేశం ఇదే.