హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసుగారు

బొబ్బిలి ప్రాంతమందలి అజ్జాడ అగ్రహారమున నారాయణదాసుగారు 1864వ సంవత్సరమున జన్మించిరి. పసితనమున తల్లివెంట దేవాలయమున కేగి, పుస్తకముల అంగడిలో భాగవతము కావలెనని పట్టుపట్టిరట. ఇంత బాలునకు భాగవతమేల యని వర్తకుడు శంకింపగా, పద్యములను రాగయుక్తముగా వినిపించి ఆ గ్రంథమును కానుకగనే పొందిరని చెప్పుదురు. ఆ వర్తకుడు ధన్యుడు!

పిమ్మట హరికథయే వారి వృత్తి యయ్యెను. కాళ్ళకు గజ్జెలు, చేత చిడతలు. పద్యము, పాట, నృత్యము, అభినయము అన్నియు వారొక్కరే. కథలును స్వయముగా రచించుకొనిరి. అక్షరమెరుగని వారికిని పురాణము చెవిసోకినది ఇట్టి దాసుల వలననే గదా!

1919లో విజయనగరమున సంగీత కళాశాల వెలయగా ప్రథమాధ్యక్షులైరి. అచట విద్యార్థిగా చేరవచ్చిన ద్వారం వేంకటస్వామినాయుడుగారు, ఫిడేలు వాద్యమున తమ నేర్పు చూపి, అధ్యాపకులుగనే నియమితులైరి. దాసుగారు ఉమర్ ఖయ్యాము రుబాయీలను సంస్కృతమునకును అచ్చతెనుగునకును తెచ్చి 1932లో ప్రకటించిరి. 1945 జనవరి 2వ తేదీన పరమపదించిరి.